ఇనుము, అల్యూమినియం, సైకిలు క్యారియర్: దక్షిణ రాయలసీమలో భారం మోసే లోహం ఎంపికపై చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

సైకిలుపై దూరప్రయాణం చేసేవారికి సామాను మోసే క్యారియర్ ఉక్కుదై ఉండాలా, అల్యూమినియందై ఉండాలా అన్నది నేడు తరచు ఎదురయ్యే ప్రశ్న. దీనిని సాధారణంగా బరువు, ధర, తుప్పు అనే మూడు ప్రమాణాలతో చర్చిస్తారు. తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో సైకిలు ఇరవయ్యో శతాబ్దంలో ముఖ్యంగా భారవాహనంగా ఎదిగింది. ఆ చరిత్రను పరిశీలిస్తే మరమ్మతు సౌలభ్యం అనే నాలుగో ప్రమాణం మిగిలినవాటి కంటే బలంగా పనిచేసినట్లు తెలుస్తుంది. ఇక్కడ రెండు లోహాలూ సైకిలు మీదికి వచ్చాయి. మోసే పని ఇనుముకు, నింపుకునే పని అల్యూమినియానికి దక్కింది. ఈ శ్రమవిభజన ఎలా ఏర్పడిందో, నేటి ఎంపికకు అది ఏమి చెబుతుందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: సైకిలు, క్యారియర్, ఇనుము, ఉక్కు, అల్యూమినియం, పాల క్యాను, మరమ్మతు, చిత్తూరు, తిరుపతి.

1. ఉపోద్ఘాతం

సైకిలు చరిత్రను రాసినవారు ఎక్కువగా దానిని మనిషిని మోసే వాహనంగానే చూశారు. ఐరోపా, అమెరికాల చరిత్రలో అది విహారానికి, పందేలకు, స్త్రీ స్వేచ్ఛకు గుర్తు. వలస భారతదేశంలో సైకిలు, కుట్టుమిషను, టైపురైటరు వంటి చిన్న యంత్రాల సామాజిక చరిత్రను డేవిడ్ ఆర్నాల్డ్ 2013లో వెలువడిన ‘ఎవ్రీడే టెక్నాలజీ’ గ్రంథంలో విస్తృతంగా చర్చించాడు. ఎక్కడో తయారైన యంత్రం ఇక్కడి వాడుకలో కొత్త అర్థాన్ని పొందుతుందన్నది ఆ చర్చకు మూలం. ఈ సూత్రాన్ని సైకిలులోని ఒక్క భాగానికి, అంటే వెనుక చక్రంపై ఉండే క్యారియర్‌కు, అన్వయిస్తే ప్రాంతీయ చరిత్రకు ఉపయోగపడే విషయాలు బయటపడతాయి. సైకిలుకు క్యారియర్ లేకపోయినా అది నడుస్తుంది. అయితే పాలవ్యాపారికి, బట్టల మూటతో తిరిగే వర్తకునికి, పాత్రలు అమ్మేవానికి క్యారియర్ లేని సైకిలుతో పని జరగదు.

2. ప్రాంతం, దారులు, వాహనం

1911 ఏప్రిల్ 1న ఉత్తర ఆర్కాటు, కడప జిల్లాల తాలూకాలను కలిపి చిత్తూరు జిల్లాను ఏర్పాటు చేశారు. 1953లో అది ఆంధ్రరాష్ట్రంలో భాగమైంది. 1960లో తిరుత్తణి ప్రాంతం మద్రాసు రాష్ట్రానికి వెళ్లింది. 2022 ఏప్రిల్‌లో తిరుపతి వేరు జిల్లా అయింది. పాలనాపరమైన హద్దులు ఇలా మారుతూ వచ్చినా, వస్తువుల రాకపోకలకు సంబంధించినంతవరకు ఈ ప్రాంతం మద్రాసు, బెంగుళూరు నగరాల మధ్య మార్గంగానే నిలిచింది.

భూస్వరూపం కూడా గమనించదగినది. తిరుపతి సముద్రమట్టానికి దాదాపు 160 మీటర్ల ఎత్తున ఉండగా, మదనపల్లె దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది. ఈ రెండింటి మధ్య భాకరాపేట కనుమ ఉంది. చిత్తూరు నుంచి పలమనేరు వైపు వెళ్తే మొగిలి కనుమ ఎక్కాలి. కనుమల్లో భారంతో సైకిలు తొక్కడం కష్టం, దిగి నెట్టుకుంటూ పోవలసిందే. కనుక ఇక్కడ సైకిలు రవాణా ప్రధానంగా పల్లెకూ సమీప పట్టణానికీ, పట్టణానికీ రైల్వేస్టేషనుకూ మధ్య సాగింది. రేణిగుంట, పాకాల వంటి కూడళ్లకు రైలు తెచ్చిన సరుకు పల్లెకు చేరేందుకు ఎద్దుబండి ఒక మార్గం, సైకిలు మరొక మార్గం. మేత, కొట్టం అక్కరలేకపోవడం సైకిలుకున్న అనుకూలత.

స్వాతంత్ర్యానికి ముందు ర్యాలీ, హెర్క్యులిస్, బి.ఎస్.ఎ. వంటి బ్రిటిష్ సైకిళ్లు మద్రాసు వర్తకుల ద్వారా వచ్చేవి. 1949లో మురుగప్ప వర్గం, బ్రిటన్‌కు చెందిన ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ సంస్థ కలిసి మద్రాసు సమీపంలోని అంబత్తూరులో టి.ఐ. సైకిల్స్‌ను స్థాపించాయి. 1955లో ఆవడిలో ఉక్కు గొట్టాలు తయారుచేసే ట్యూబ్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా వచ్చింది. తిరుపతికి ఈ రెండూ దాదాపు 130 కిలోమీటర్ల లోపలే. ఉత్తరాదిన సోనేపట్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో సంస్థ మొదలయ్యాయి. దిగుమతి వస్తువుగా ఉన్న సైకిలు పదేళ్లలోనే స్వదేశీ ఉక్కు వస్తువుగా మారింది.

3. మాటల్లో లోహాలు

‘స్టీలా, అల్యూమినియమా’ అన్న ప్రశ్న ఆంగ్లంలో సూటిగా ఉంటుంది. తెలుగు వాడుకలోకి వచ్చేసరికి అది అంత సూటిగా ఉండదు. వంటింట్లో, సంతలో ‘స్టీలు’ అంటే తుప్పు పట్టని తెల్లని స్టెయిన్‌లెస్ స్టీలు. సైకిలు క్యారియర్ తయారయ్యే మెత్తని ఉక్కును మెకానిక్కు ‘ఇనుము’ అనే అంటాడు, క్యారియర్ ‘ఇనప క్యారియర్’ అవుతుంది. లోహశాస్త్రం ప్రకారం అది ఉక్కే అయినా వాడుక దానిని ఇనుముగానే గుర్తిస్తుంది. అల్యూమినియాన్ని తెలుగుప్రాంతాల్లో ‘సిల్వరు’ అని, కొన్నిచోట్ల ‘సత్తు’ అని పిలవడం తెలిసిందే. వెండిలా మెరిసే కొత్త లోహానికి ఇంటివాడుక పెట్టుకున్న పేరిది.

‘ఉక్కు’ అనే మాటకు ప్రపంచ లోహచరిత్రలో స్థానం ఉంది. దక్షిణ భారతదేశపు మూస ఉక్కుకు ఆంగ్లంలో స్థిరపడిన ‘వూట్జ్’ అనే పేరు కన్నడ, తెలుగు భాషల ‘ఉక్కు’ నుంచి పుట్టిందని పలువురు పండితుల అభిప్రాయం. 1795లో జార్జి పియర్సన్ రాయల్ సొసైటీకి సమర్పించిన పత్రంతో ఆ పదం ఐరోపా శాస్త్రలోకంలో ప్రచారం పొందింది. 1800-01లో ఫ్రాన్సిస్ బుకానన్ మద్రాసు నుంచి మైసూరు ప్రాంతాలకు చేసిన ప్రయాణపు వివరణలో ఇనుము, ఉక్కు తయారీ వర్ణనలు ఉన్నాయి. కత్తికి, ఉలికి అవసరమైన గట్టి లోహం ఉక్కు. నాగలి కర్రుకు, బండి చక్రపు పట్టాకు కొలిమిలో వంచగల లోహం ఇనుము. ఈ పాత విభజనలో సైకిలు క్యారియర్ ఇనుము వైపు చేరింది. కొలిమి, సుత్తె తెలిసిన సమాజానికి అది పరిచితమైన లోహం కావడమే దీనికి కారణం. అల్యూమినియానికి ఇక్కడ అటువంటి పూర్వచరిత్ర లేదు.

సైకిలు వెనుక పీటకు ‘క్యారియర్’, ‘క్యారేజీ’ అనే రెండు మాటలూ వినిపిస్తాయి. భోజనపు గిన్నెల వరుసకు కూడా ‘క్యారేజీ’ అనే పేరు ఉంది. మోసేదానికీ, మోయబడేదానికీ ఒకే మాట స్థిరపడటం ఈ రెండు వస్తువులూ నిత్యం కలిసి ప్రయాణించిన తీరును సూచిస్తుంది.

4. ఇనప క్యారియర్ నిర్మాణం

భారవాహక సైకిలుకు బిగించే క్యారియర్ సాధారణ క్యారియర్ కంటే భిన్నమైనది. సాధారణ క్యారియర్‌కు పుస్తకాలనో సంచినో అదిమిపట్టే స్ప్రింగు బిగింపు ఉంటుంది. బరువులకు వాడేదానిలో లావుపాటి కమ్మీలు, పట్టీలు, రెండువైపులా అదనపు ఊతకాళ్లు ఉంటాయి. ఆ కాళ్ల చివరలు వెనుక చక్రపు ఇరుసుకే నట్లతో బిగుస్తాయి. అందువల్ల భారం ఫ్రేములోని సన్నని భాగాలపై పడకుండా నేరుగా ఇరుసుకు, చక్రానికి, నేలకు చేరుతుంది. దీనితోపాటు ముందు ఫోర్కుకు అదనపు ఊతం, ఫ్రేములో రెండో పైగొట్టం, దృఢమైన స్టాండు చేర్చడం భారవాహక సైకిళ్లలో కనిపించే మార్పులు. కట్టడానికి తాడుతోపాటు పాత ట్యూబును పొడుగ్గా కోసిన రబ్బరు పట్టీ వాడతారు. రబ్బరు సాగి గుంతల కుదుపును కొంత తనలోకి తీసుకుంటుంది.

ఇటువంటి సైకిలుపై పడే బరువును ఒక లెక్కతో గ్రహించవచ్చు. లీటరు పాలు దాదాపు 1.03 కిలోల బరువు. ఇరువైపులా ఇరవై లీటర్ల క్యాన్లు రెండు వేలాడదీస్తే, క్యాన్ల బరువు కాక, పాల బరువే 41 కిలోలు. నేడు దూరప్రయాణపు సైకిళ్లకు అమ్మే క్యారియర్లలో చాలావాటిపై తయారీదారు ముద్రించే గరిష్ఠ భారం 25 కిలోల ప్రాంతంలో ఉంటుంది. వీధిలో నిత్యం సాగిన వాడుక నేటి కొలతను ఎంతగా దాటిందో దీనివల్ల తెలుస్తుంది.

5. అల్యూమినియం: పాత్రగా వచ్చిన లోహం

1886లో అమెరికాలో చార్లెస్ హాల్, ఫ్రాన్సులో పాల్ హెరూ విడివిడిగా విద్యుద్విశ్లేషణ పద్ధతిని కనుగొన్న తరువాతనే అల్యూమినియం చవకైంది. దక్షిణ భారతదేశంలో దాని ప్రవేశానికి మద్రాసు కళాపాఠశాల ద్వారమైంది. అక్కడ ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ 1898లో అల్యూమినియం పాత్రల తయారీని ప్రయోగాత్మకంగా ప్రారంభించాడు. 1903 నాటికి ఆ పని ఒక కంపెనీకి బదిలీ అయింది. అంటే ఈ లోహం మద్రాసు రాజధానిలో మొదటినుంచీ గిన్నెగా, చెంబుగా, డబ్బాగా పరిచయమైంది. యంత్రభాగంగా దాని పరిచయం చాలా తరువాతి మాట.

దేశీయంగా అల్యూమినియం ఉత్పత్తి 1943లో తిరువాన్కూరు సంస్థానంలోని అలుపురంలో మొదలైంది. 1965లో మెట్టూరులో మద్రాస్ అల్యూమినియం కంపెనీ ఉత్పత్తి ప్రారంభించింది. అయినా సైకిలు పరిశ్రమకు ఈ లోహం పెద్దగా చేరలేదు. దీనికి విధానపరమైన కారణం ఉంది. 1970 నాటి అల్యూమినియం నియంత్రణ ఉత్తర్వు ప్రకారం ఉత్పత్తిదారులు తమ లోహంలో సగభాగాన్ని విద్యుత్ తీగలకు పనికివచ్చే రకంగా తయారుచేయాలి. ఈ నియంత్రణ 1989 వరకు కొనసాగింది. పల్లెలకు కరెంటు, బావులకు మోటార్లు వచ్చిన కాలంలో అల్యూమినియం స్తంభాలపై తీగగా సాగింది. మిగిలినదానిలో గణనీయమైన భాగం వంటపాత్రలకు వెళ్లింది.

పాల రంగంలో మాత్రం అల్యూమినియం సైకిలుపైకి ఎక్కింది. 1970లో ‘ఆపరేషన్ ఫ్లడ్’ మొదలైన తరువాత పాలసేకరణ విస్తరించింది, చిత్తూరు డెయిరీ ఈ ప్రాంతంలో ప్రముఖ సంస్థగా ఎదిగింది. అల్యూమినియం పాల క్యానుకు భారత ప్రమాణం కూడా ఏర్పడింది. ఈ ఎంపికకు కారణాలు స్పష్టమే. అల్యూమినియం సాంద్రత ఘన సెంటీమీటరుకు 2.7 గ్రాములు, ఉక్కుది 7.85. అదే మందంతో ఇనప క్యాను చేస్తే బరువు దాదాపు మూడు రెట్లవుతుంది. అల్యూమినియంపై గాలిలో ఏర్పడే పలుచని ఆక్సైడు పొర లోపలి లోహాన్ని కాపాడుతుంది. ఇనుముకైతే కళాయి అవసరమవుతుంది, అది అరిగితే పాలలో తుప్పు కలుస్తుంది.

ఈ విధంగా ఒకే సైకిలుపై రెండు లోహాలూ చేరాయి. ఎత్తి దించేది, కడిగేది, ఆహారాన్ని తాకేది అల్యూమినియం. కుదుపును భరించేది, వంగేది, మళ్లీ నిలబెట్టవలసింది ఇనుము. నేటి కొనుగోలుదారు పోటీగా చూసే రెండు లోహాలను పాలవ్యాపారి సహకారులుగా వాడుకున్నాడు.

6. దూరప్రయాణపు సైకిలు, కొత్త ప్రశ్న

క్యారియర్‌లోనే ఉక్కు, అల్యూమినియంల మధ్య పోటీ పుట్టింది పాశ్చాత్య విహారయాత్రల సందర్భంలో. 1975లో కాలిఫోర్నియాలో జిమ్ బ్లాక్‌బర్న్ స్థాపించిన సంస్థ అల్యూమినియం కమ్మీలతో చేసిన తేలికైన క్యారియర్లకు పేరు తెచ్చింది. 1988లో మొదలైన జర్మనీ సంస్థ టుబుస్ క్రోమియం, మాలిబ్డినం కలిసిన ఉక్కు గొట్టాలతో క్యారియర్లు చేసి రెండో వాదానికి బలం చేకూర్చింది. సైకిలు క్యారియర్ల భద్రతకు ఐ.ఎస్.ఒ. 11243 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. గేరు సైకిళ్లతో బెంగుళూరు, చెన్నై నగరాల మధ్య దూరప్రయాణాలు చేసేవారికి చిత్తూరు దారులు సహజమార్గం కావడంతో ఈ ప్రశ్న ఇక్కడికీ చేరింది.

సాంకేతికంగా రెండు పక్షాల బలాబలాలు ఇవి. ఉక్కు దృఢతాగుణకం దాదాపు 200 గిగాపాస్కల్, అల్యూమినియందు దాదాపు 70. అంటే ఒకే మందం కమ్మీ అయితే అల్యూమినియం మూడు రెట్లు ఎక్కువ వంగుతుంది. 8 మిల్లీమీటర్ల ఉక్కు కమ్మీకి సమానంగా నిలవాలంటే అల్యూమినియం కమ్మీ దాదాపు 10.5 మిల్లీమీటర్లు ఉండాలి. అప్పుడు కూడా దాని బరువు ఉక్కు కమ్మీలో 60 శాతమే. కనుక అల్యూమినియం తేలిక అన్న మాట నిజమే. అయితే ఉక్కును ఘనమైన కమ్మీగా కాక పలుచని గొట్టంగా వాడితే ఈ తేడా చాలావరకు తగ్గిపోతుంది.

ఆ తేడా విలువ ఎంత? క్యారియర్ బరువులో వ్యత్యాసం 300 గ్రాములు అనుకుందాం. తిరుపతి నుంచి మదనపల్లెకు 540 మీటర్లు ఎక్కడానికి ఆ 300 గ్రాముల వల్ల అదనంగా చేయవలసిన పని దాదాపు 1,590 జౌళ్లు, అనగా అర కిలోక్యాలరీ కంటే తక్కువ. శరీరం తన శక్తిలో నాలుగోవంతునే పనిగా మార్చగలదనుకున్నా అది రెండు కిలోక్యాలరీలకు మించదు. మనిషి, సైకిలు, సామాను కలిసి వంద కిలోలు ఉన్న ప్రయాణంలో ఈ తేడాను కాళ్లు గుర్తించలేవు.

అలసట విషయంలో తేడా ముఖ్యమైనది. లోహశాస్త్రంలో అలసట అంటే మళ్లీ మళ్లీ పడే చిన్న కుదుపుల వల్ల లోహంలో క్రమంగా పగులు ఏర్పడటం. ఉక్కుకు ఒక హద్దు ఉంది. ఆ హద్దుకు లోబడిన ఒత్తిడిని అది దాదాపు ఎన్నిసార్లయినా భరిస్తుంది. అల్యూమినియానికి అటువంటి స్పష్టమైన హద్దు లేదు. తగినంత మందంగా చేస్తే అది చాలాకాలం మన్నుతుంది కానీ, గుంతల దారిలో పడే ప్రతి కుదుపూ దాని ఆయుష్షులో లెక్కకు వస్తుంది.

7. మరమ్మతు అనే ప్రమాణం

విరగని క్యారియర్ ఉండదు. కనుక ఏది విరుగుతుందన్న ప్రశ్నకు తోడుగా, విరిగినచోట దానిని ఎవరు బాగుచేయగలరన్న ప్రశ్న కూడా వేసుకోవాలి. మెత్తని ఇనుము విరిగేముందు సాధారణంగా వంగుతుంది. ఆ వంపు కంటికి కనిపిస్తుంది, సుత్తెతో సరిచేయవచ్చు. విరిగితే గ్యాసు వెల్డింగు, ఆర్కు వెల్డింగు, ఇత్తడితో అతికే పద్ధతి అన్నీ పనిచేస్తాయి. ట్రాక్టరు పరికరాలు, బోరుబావి గొట్టాలు, కిటికీ చువ్వలు అతికే దుకాణం మండల కేంద్రాల్లో సాధారణంగా ఉంటుంది. క్యారియర్ కోసం ప్రత్యేక నిపుణుడు అక్కరలేదు.

అల్యూమినియం అలా కాదు. అది 660 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది, దానిపై ఉన్న ఆక్సైడు పొర మాత్రం 2,000 డిగ్రీలు దాటితేగాని కరగదు. పైపొర కరిగేలోపే లోపలి లోహం జారిపోతుంది. ఇనుములా ఎర్రబారి హెచ్చరించే గుణం కూడా దానికి లేదు. దీనిని అతకడానికి జడవాయువు రక్షణతో చేసే టిగ్ వంటి పద్ధతి కావాలి. ఆ సౌకర్యం ఎక్కువగా పెద్ద పట్టణాల పారిశ్రామికవాడల్లో ఉంటుంది. పైగా వేడిచికిత్సతో బలం పొందిన మిశ్రమమైతే అతికినచోట ఆ బలం చాలావరకు పోతుంది. చిల్లుపడిన సత్తుగిన్నెను ఇత్తడి గిన్నెలా సులువుగా అతకలేక రివెట్టుతో మాటు వేసే ఆచారం వెనుక ఉన్నదీ ఈ లోహస్వభావమే. గిన్నెకు మాటు చాలు. కుదుపులు తినే క్యారియర్ కాలికి అది చాలదు.

ఇక్కడ ఒక సవరణ అవసరం. మరమ్మతు సౌలభ్యాన్ని ‘ఉక్కు’ అనే పేరుకే ఆపాదించరాదు. ఖరీదైన క్రోమియం ఉక్కు గొట్టాల మందం మిల్లీమీటరు ప్రాంతంలో ఉంటుంది. మందపాటి ఇనుముకు అలవాటుపడిన ఆర్కు వెల్డింగు దానికి చిల్లు పొడిచే ప్రమాదం ఉంది. అటువంటిదానికి ఇత్తడి అతుకు మేలు. అంటే దారిపక్క దుకాణంలో నిజంగా బాగయ్యేది మందపాటి ఇనప కమ్మీ. వాడుకభాష ‘స్టీలు’ను, ‘ఇనుము’ను వేరుచేసి చూడటంలో ఈ సాంకేతిక వివేకం కూడా ఇమిడి ఉంది.

బిగింపు కూడా ఇదే పాఠం చెబుతుంది. పాత క్యారియర్ ఇరుసు నట్టుకు బిగిసేది. నేటి క్యారియర్లలో అధికభాగం ఫ్రేముపై ఉన్న చిన్న మరకంతల్లో 5 మిల్లీమీటర్ల బోల్టులతో నిలుస్తాయి. ఫ్రేము కూడా అల్యూమినియం అయితే ఆ మర అరిగిపోవచ్చు. మొదట దెబ్బతినేది తరచు ఆ బోల్టే కనుక ఏ లోహం ఎంచుకున్నా విడి బోల్టులు వెంట ఉండటం, రోజూ బిగింపు చూసుకోవడం అవసరం.

అల్యూమినియం పక్షాన చెప్పవలసినదీ ఉంది. పది కిలోలకు లోబడిన సామానుతో, మంచి తారురోడ్డుపై, రెండు మూడు రోజుల ప్రయాణం చేసేవారికి అది చాలు. వానలో, సముద్రతీరంలో రంగు లేచిన ఇనుముకు తుప్పు పడుతుంది, అల్యూమినియం ఆ బాధను తప్పిస్తుంది. భారం తక్కువై, వెల్డింగు అవసరం అరుదైన చోట తేలికకు ప్రాధాన్యం ఇవ్వడం న్యాయమే.

8. ముగింపు

1980లో టి.వి.ఎస్. 50 మోపెడ్ మార్కెట్టులోకి వచ్చింది. క్రమంగా పాల క్యాన్లు, మూటలు సైకిలు నుంచి దాని మీదికి మారాయి. చిత్తూరు డెయిరీ 2002లో మూతపడింది. భారవాహక సైకిలు వీధుల్లో అరుదవుతున్న కొద్దీ దాని చుట్టూ పెరిగిన జ్ఞానం కూడా కనుమరుగవుతోంది. ఏ కమ్మీ ఎంత బరువుకు ఆగుతుందో, ఎక్కడ అదనపు కాలు వేయాలో, ఏ వంపును సరిచేయవచ్చో తెలిసిన చేతులు పుస్తకాల్లోకి ఎక్కలేదు. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వెలువడిన వ్యవసాయ వృత్తిపదకోశం నాగలి భాగాల పేర్లను కాపాడింది. సైకిలు మరమ్మతు పదజాలాన్ని కూడా ఆ శ్రద్ధతో సేకరించవలసిన సమయమిది. బాల్రసు, కమ్మీ, పట్టీ, మాటు వంటి పదాలతోపాటు వాటి వెనుక ఉన్న పనితీరును నమోదు చేస్తేనే ఆ కోశం సమగ్రమవుతుంది.

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. దక్షిణ రాయలసీమలో సైకిలు క్యారియర్ ఇనుముతో నిలవడానికి చవకదనంతోపాటు అంబత్తూరు, ఆవడి పరిశ్రమల సామీప్యం, అల్యూమినియం పంపిణీపై నియంత్రణ, కమ్మరి కొలిమి నుంచి వెల్డింగు దుకాణం దాకా కొనసాగిన ఇనుప పరిచయం కారణాలు.

2. అల్యూమినియం ఇక్కడ పాత్రగా వచ్చి పాల క్యానుగా సైకిలు ఎక్కింది. రెండు లోహాల మధ్య స్పర్ధకు బదులు పనుల విభజన ఏర్పడింది.

3. క్యారియర్ల బరువులోని తేడా కనుమ ఎక్కేటప్పుడు కూడా లెక్కకు రానంత చిన్నది. మరమ్మతు దొరకడంలోని తేడా మాత్రం ప్రయాణం సాగుతుందా, ఆగుతుందా అన్నది నిర్ణయిస్తుంది.

4. కనుక పది కిలోలకు మించిన భారంతో, పల్లెదారుల్లో, ఎక్కువ రోజులు సాగే ప్రయాణానికి ఇనప క్యారియర్ తగినది. తక్కువ భారంతో, పట్టణాలను కలిపే మంచి దారుల్లో సాగే ప్రయాణానికి అల్యూమినియం చాలు.

వస్తువు ఆయుష్షు దాని లోహంతోపాటు దానిని బాగుచేయగల మనుషులపై కూడా ఆధారపడుతుంది. తిరుపతి, చిత్తూరు వీధుల్లోని ఇనప క్యారియర్ చరిత్ర నిరూపించే విషయమిదే. ఆ మనుషుల పనిని, మాటను నమోదు చేయకుండా ఈ ప్రాంత సాంకేతిక చరిత్ర సంపూర్ణం కాదు.